కటిక వెన్నెల అని ఎవరైనా అంటారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో గ్రామర్ గొడవ తక్కువ. 'హ్యాజ్ బీన్, హ్యాడ్ బీన్' బ్యాచ్ పరీక్షలైపోయి ఊళ్లకి వెళ్లినట్టుంది. మిగిలినవాళ్లందరిదీ ఒకటే మొర: ఇంగ్లీషు వచ్చు, పేపరు చదివితే అర్థమవుతుంది, ఆఫీసులో నెట్టుకొస్తున్నాం, కానీ కాస్త బరువైన మాటలు నోటికి రావడం లేదు, చదివినవి నిలవడం లేదు. నేను ముప్పై ఒక్క ఏళ్లు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి కాకినాడలో రిటైరయినదాన్ని. ఆరో తరగతి దాకా ఇంగ్లీషు మొహం చూడకుండా పెరిగినదాన్ని కూడా. ఆ రెండూ గుర్తుపెట్టుకుని చదవండి.

ప్రశ్న: అమ్మా, నేను బీటెక్ ఫైనలియర్. నవంబర్‌లో జీఆర్ఈ రాయాలి. రోజుకి నలభై పదాల చొప్పున మూడు వారాలుగా బట్టీ పడుతున్నాను. నిన్న మొదటి రోజు పేజీ తీసి చూసుకుంటే నలభైలో ఆరే గుర్తున్నాయి. ఆ పేజీ కూడా పంపుతున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నా జ్ఞాపకశక్తిలో ఏదైనా లోపమా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: బాబూ, ముందు నిద్రపో. నీ జ్ఞాపకశక్తికి ఏ జబ్బూ లేదు. మరిచిపోవడం బుర్రకి రోజువారీ పని. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంపర్థం లేని అక్షరాల ముక్కల్ని తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత జారిపోతోందో లెక్క రాసి అచ్చేశాడు. మొదటి రోజులోనే సగానికి పైగా పోయింది. ఆ తర్వాత జారుడు నెమ్మదించింది. నువ్వేమో నలభై నేర్చుకుని, వాటి మొహం మళ్లీ చూడకుండా మర్నాడు ఇంకో నలభై వెంట పడుతున్నావు. చిల్లికుండలో నీళ్లు పోస్తూ కుండని తిట్టుకుంటే ఎలా?

కొత్త మాటలు రోజుకి పన్నెండుకి దించు. నేర్చుకున్నదాన్ని మర్నాడు ఒకసారి, మూడు రోజులకి ఒకసారి, తర్వాత వారానికి, పదిహేను రోజులకి, నెలకి మళ్లీ చూడు. ఏది ఎప్పుడు చూడాలో గుర్తుండదు కదా, దానికి 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన ఒక పెట్టె ఉపాయం చెప్పాడు. నా పెట్టె కాజాల డబ్బా. లోపల అట్టముక్కలు నిలబెట్టి ఐదు అరలు చేశాను. ఇంటికొచ్చిన పెళ్లి శుభలేఖల్ని చీటీలుగా కత్తిరించి, వెనకవైపు ఖాళీ మీద మాట రాస్తాను. కొత్త చీటీ మొదటి అరలో ఉంటుంది, దాన్ని రోజూ చూడాలి. చూడకుండా అర్థం చెప్పగలిగితే రెండో అరకి పోతుంది. ఇక అది మూడు రోజులకోసారి చాలు. అలా ముందుకి జరిగి ఐదో అరకి చేరినదాన్ని నెలకోసారి పలకరిస్తే సరి. ఎక్కడ తప్పినా మాత్రం తిరిగి మొదటి అరకే. వైకుంఠపాళిలో పాము మింగినట్టన్నమాట.

ఫోన్‌లో ఇదే పని చేసిపెట్టే యాప్‌లు ఉన్నాయి, వాడుకో. నాకైతే చీటీలే బాగుంటాయి. ఏ మాట ఎవరి శుభలేఖ మీద పడిందో కూడా గుర్తుండిపోతుంది. 'ఆస్టెంటేషస్' అనే మాట ఉంది, డాబుసరి, ఆడంబరం అని అర్థం. అది మా బంధువుల్లో ఒక పెళ్లి కార్డు మీద పడింది. కార్డే అరకిలో బరువుండేది. ఆ మాట ఈ జన్మకి మరిచిపోను.

ఇక చీటీ మీద ఏం రాస్తున్నావన్నది అసలు సంగతి. నువ్వు పంపిన పేజీలో 'ఫ్రూగల్: పొదుపు', 'పార్సిమోనియస్: పొదుపు', 'మైజర్లీ: పొదుపు' అని ఉంది. మీ తాతయ్యని పొదుపరి అను, మురిసిపోతాడు. పిసినారి అని చూడు, కర్ర తీస్తాడు. ఫ్రూగల్ అంటే పొదుపరి. మైజర్లీ అంటే పిల్లికి బిచ్చం పెట్టని రకం. పార్సిమోనియస్ మనుషుల గురించి అన్నప్పుడు పిసినారి పక్కనే కూర్చుంటుంది. పట్టుదల, మొండితనం కూడా ఇంతే. మనవాడైతే టెనేషస్, పక్కింటివాడైతే ఆబ్‌స్టినేట్. అందుకే నేను ప్రతి చీటీ మూలన ప్లస్సో మైనస్సో వేస్తాను. తిట్టో మెచ్చుకోలో తెలియని మాట నీకు వచ్చినట్టు కాదు.

నీ పరీక్షకి ఇది మరీ ముఖ్యం. 2011 ఆగస్టులో జీఆర్ఈ మార్చినప్పుడు వ్యతిరేకపదాలు, అనాలజీలు (మాటల జతల మధ్య పోలిక పట్టే ప్రశ్నలు) ఎత్తేశారు. అంతకుముందు ఒట్టి బట్టీ కొంత గట్టెక్కించేది. ఇప్పుడు సెంటెన్స్ ఈక్వివలెన్స్ అని, ఒక ఖాళీ, ఆరు మాటలు ఇచ్చి రెండు ఎంచుకోమంటారు. ఆ రెండిట్లో ఏది పెట్టినా వాక్యం అర్థం ఒకటే కావాలి. ఒకటి సరిగ్గా పెట్టి రెండోది తప్పితే సగం మార్కు కూడా ఇవ్వరు. మెచ్చుకుంటున్న వాక్యంలో నువ్వు పార్సిమోనియస్ పెట్టావో, అంతే సంగతులు. మీ సీనియర్లు చేతిలో పెట్టే వేల పదాల జిరాక్స్ కట్టలు చాలావరకు ఆ పాత పరీక్ష కాలం నాటివి.

ఇంకోటి. కథ ఉన్న మాట తొందరగా జారదు. ల్యాకానిక్ అనే మాట చూడు. స్పార్టా ఉన్న ప్రాంతాన్ని లకోనియా అనేవారు. అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్ రాజు, 'నేను మీ గడ్డ మీదికి వస్తే ఊరు నేలమట్టం చేస్తా' అని కబురు పెడితే, స్పార్టావాళ్లు ఒకే మాటతో జవాబు పంపారట: 'వస్తే.' ఇంగ్లీషులో దాన్ని 'ఇఫ్' అని చెబుతారు గానీ, మన 'వస్తే'లో ఉన్న వెటకారం అందులో లేదు. ల్యాకానిక్‌కి తెలుగు మాట ముక్తసరి. తూకం వేసినట్టు సరిపోతుంది.

ప్రశ్న: అడ్వాన్స్‌డ్ స్థాయి అంటే మొత్తం ఎన్ని పదాలు రావాలి? ఒక లెక్క చెప్పండి మేడమ్. – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: లెక్క ఉంది. న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో పాల్ నేషన్ అనే ప్రొఫెసర్ 2006లో వేసి చూపించాడు. నవలో పత్రికో తీసుకుని, నూటికి తొంభై ఎనిమిది మాటలు తెలిసి, ఎవరి సాయమూ లేకుండా చదువుకోవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలి. కుటుంబం అంటే నేషన్, నేషనల్, నేషనలిస్ట్, ఇంటర్నేషనల్ అన్నీ కలిపి ఒకటి (ఆయన పేరుతోనే చెప్పేశాను, ఏమీ అనుకోడు). మాట్లాడే ఇంగ్లీషుకి ఆరేడు వేలు చాలు. వేలు అనగానే గుండె జారిపోతే ముందు చిన్నది పట్టుకోండి. అదే యూనివర్సిటీలో ఎవెరిల్ కాక్స్‌హెడ్ అనే ఆవిడ చదువుల పుస్తకాల్లో పదేపదే వచ్చే మాటల్ని ఏరి 2000లో ఒక జాబితా ఇచ్చింది. అందులో ఉన్నవి 570 కుటుంబాలే. వీటిల్లో సగం మీకు ఇప్పటికే తెలిసి ఉంటాయి.

ప్రశ్న: మేడమ్, నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. వయసు 46. ఇంగ్లీషు పేపరు రోజూ చదువుతాను, ఎడిటోరియల్ కూడా అర్థమవుతుంది. మాట్లాడాల్సి వస్తే మాత్రం 'వెరీ గుడ్, వెరీ బిగ్, వెరీ బ్యాడ్' దాటడం లేదు. మొన్న ఒక ట్రైనింగ్‌లో పిల్ల టీచర్ల ముందు తల కొట్టేసినట్టయింది. చదివిన మాటలన్నీ ఎక్కడికి పోతున్నాయి? – పార్వతీపురం

జవాబు: మాష్టారూ, ఎక్కడికీ పోలేదు, అటక మీద ఉన్నాయి. మా నాన్నది కిరాణా కొట్టు. ఉప్పు, పప్పు, సబ్బులు గల్లాపెట్టె పక్కనే చేతికందేలా ఉండేవి. ఏడాదికి రెండుసార్లు అడిగే సరుకు అటక మీద. ఎవరైనా వచ్చి అడిగితే నాన్న పైకి చూసి, 'ఉందండీ, సాయంత్రం రండి' అనేవాడు. చదివినప్పుడు అర్థమయ్యే మాట అటక సరుకు. నోటికొచ్చే మాట గల్లా దగ్గర సరుకు. ఎవరికైనా, ఇంగ్లీషువాళ్లకైనా, అటక మీదే ఎక్కువ ఉంటుంది. కాబట్టి సిగ్గుపడకండి. కొన్నిటిని కిందికి దించుకోవాలి, అంతే.

దించేటప్పుడు ఒంటరిగా దించకండి. మాటకి జత ఉంటుంది. కటిక చీకటి అంటాం, పండు వెన్నెల అంటాం. కటిక వెన్నెల అని ఎవరైనా అంటారా? 'కటిక' అంటే ఏమిట్రా అని మీ తొమ్మిదో తరగతి పిల్లల్ని అడగండి, ఒక్కడూ చెప్పలేడు. కానీ కటిక నేల, కటిక దరిద్రం, కటిక ఉపవాసం అని తప్పు లేకుండా వాడతారు. అబద్ధం పచ్చిది, మోసం పచ్చిది, ఎండ మండుటెండ. వీటిని ఏ మాష్టారూ మనకి చెప్పలేదు, జతగానే విన్నాం, జతగానే వచ్చేశాయి. ఇంగ్లీషులోనూ ఇదే. చీకటికి పిచ్ డార్క్, దరిద్రానికి అబ్జెక్ట్ పావర్టీ, పచ్చి అబద్ధానికి బ్లేటెంట్ లై. వాన హెవీ, టీ స్ట్రాంగ్. రెండింటినీ తారుమారు చేయండి, అర్థం అవుతుంది గానీ, తెలుగు రాని పెద్దమనిషి 'కటిక వెన్నెల' అన్నట్టు ఉంటుంది. జె.ఆర్. ఫర్త్ అని ఒక భాషాశాస్త్రవేత్త ఉండేవాడు, లండన్‌లో పేరు తెచ్చుకోకముందు లాహోర్‌లో ఇంగ్లీషు ప్రొఫెసర్. మాట తిరిగే సావాసాన్ని బట్టే దాని సంగతి తెలుస్తుందని 1957లో రాశాడు. మన అమ్మమ్మలు ఇదే మాట మనుషుల గురించి చెప్పేవాళ్లు.

మీకు పేపరు అలవాటు ఉంది కాబట్టి ఇలా చేయండి. పొద్దున్నే ఒకే వార్తని తెలుగు పేపర్లో, ఇంగ్లీషు పేపర్లో పక్కపక్కన పెట్టుకుని చదవండి. తెలుగు వార్త రాసేవాళ్ల దగ్గర గొప్ప మాటల సంచీ ఉంటుంది. 'చర్చల్లో ప్రతిష్టంభన' అని ఇక్కడ ఉంటే అక్కడ ఇంపాస్ లేదా డెడ్‌లాక్. 'కోర్టులో ఊరట' అన్నచోట రిలీఫ్, ఒక్కోసారి రిప్రీవ్, రెస్పిట్. నాకు అన్నిటికంటే నచ్చే జత ఇది: మనవాళ్లు 'ప్రభుత్వానికి హైకోర్టు మొట్టికాయలు' అంటారు, ఇంగ్లీషు హెడ్డింగ్‌లో 'ర్యాప్స్' అని ఉంటుంది. ఆ ర్యాప్ అంటే వేలి కణుపులతో టకటకా కొట్టడమే. రెండు భాషల సబ్ ఎడిటర్లూ ఒకే చేత్తో మొట్టారు. ఇలా రోజుకి రెండు జతలు చాలు, మూడోది ఆశించకండి.

దొరికిన జతని మా నాన్న పద్దు పుస్తకం పద్ధతిలో రాయండి. ఆయన ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు రాసేవాడు. నేను ఎడమ పేజీలో పేపర్లో చదివిన వాక్యం ఉన్నదున్నట్టు రాస్తాను, కుడి పేజీలో అదే మాటతో మా ఇంటి గురించి ఒక వాక్యం. ఎడమ: రెండు దేశాల చర్చలు ఇంపాస్‌కి చేరాయి. కుడి: మా ఇంట్లో టీవీ రిమోట్ మీద చర్చలు ఇంపాస్‌కి చేరాయి. కుడి పేజీ ఖాళీగా ఉన్నన్నాళ్లు ఆ మాట అటక దిగనట్టే. రాసిన వాక్యాన్ని పైకి చదవాలి, మనసులో కాదు. మా ఆయన మొదట్లో నాకు ఏదో అయిందనుకున్నారు.

ఇక 'వెరీ' గురించి. దాన్ని పూర్తిగా మానేయమని నేను చెప్పను, మంచి మాటే. క్లాసులో ఒక్క పీరియడ్ అది లేకుండా గడపండి. వెరీ బిగ్ సామ్రాజ్యం అనబోయి ఆగితే వాస్ట్ తనే వస్తుంది. సోషల్ టీచర్లకి ఇందులో సుఖం ఉంది. మీ పాఠాల్లో కరువులు, యుద్ధాలు, రాజులు అన్నీ ఉన్నాయి, వెరీ బ్యాడ్‌కి ఎన్ని రకాలు కావాలంటే అన్ని.

ఒక జాగ్రత్త. పెద్ద మాట నేర్చుకున్న ఉత్సాహంలో ప్రతిచోటా అదే వాడకండి. మనిషి పోయాడంటాం, చనిపోయారంటాం, కన్నుమూశారంటాం, పరమపదించారంటాం, టపా కట్టేశాడంటాం. ఎవరి దగ్గర ఏది అనాలో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో కమెన్స్, పర్చేజ్, రిసైడ్ లాంటివి 'పరమపదించారు' అంత కాకపోయినా, ఆ వరసే. కాఫీ తాగుతూ 'వేర్ డు యూ రిసైడ్' అంటే వీఆర్వో వచ్చి అడిగినట్టు ఉంటుంది.

ప్రశ్న: నాన్నగారు కొన్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఇంట్లో ఉంది. అది చాలదా? – తణుకు

జవాబు: ఉంచండి. అర్థం చటుక్కున దొరకాలంటే దాన్ని మించింది లేదు. పక్కన ఒక లెర్నర్స్ డిక్షనరీ కూడా పెట్టుకోండి. అవి ఇంగ్లీషువాళ్ల కోసం కాదు, మనలాంటివాళ్ల కోసమే పుట్టాయి. ఎ.ఎస్. హార్న్‌బీ అనే ఆయన జపాన్‌లో ఇంగ్లీషు చెబుతూ, అక్కడి పిల్లల అవస్థ చూసి తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌వాళ్లు వేశారు. మాట ఏ మాటతో జత కడుతుందో, పక్కన 'ఆఫ్' వస్తుందా 'టు' వస్తుందా అన్నది ఇలాంటివాటిల్లో ఉదాహరణతో ఉంటుంది. ఫోన్‌లో ఉచితంగా కూడా దొరుకుతున్నాయి.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ సెకండియర్. పదో తరగతి దాకా తెలుగు మీడియం. రూట్ వర్డ్స్ నేర్చుకుంటే వేల మాటలు వచ్చేస్తాయంటారు. పుస్తకం తెరిస్తే అంతా లాటిన్, గ్రీకు. కాన్వెంట్‌లో చదివినవాళ్లకి తేలిక గానీ మా వల్ల అవుతుందా? – నల్గొండ

జవాబు: చెల్లీ, ఈ ఒక్క విషయంలో మాత్రం కాన్వెంట్ పిల్లల కంటే నువ్వే ముందున్నావు. తెలుగు మీడియంలో పద్యాలు, సమాసాలు చదివావు కదా? అయితే ఇది చూడు. ఇగ్నైట్ అంటే అంటించడం. అందులో ఉన్న ఇగ్నిస్ మన అగ్నే. డెంటల్‌లో దంతం. పెడెస్ట్రియన్‌లో పాదం. డొనేట్‌లో దానం. జువెనైల్‌లో యువ. సర్పెంట్‌లో సర్పం. నావిస్, ఇన్నొవేట్‌లో నవ. డెబ్భై ఏళ్ల పెద్దాయన్ని సెప్టువజనేరియన్ అంటారు, సప్త కనిపిస్తోందా? ఎనభై దాటితే ఆక్టొజనేరియన్, అష్ట.

ఇది పిట్టకథ కాదు. లాటిన్, గ్రీకు, సంస్కృతం ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. తెలుగు ఆ కుటుంబానిది కాదు. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుదురని 1816లోనే ఎల్లిస్ దొర మద్రాసులో నిరూపించాడు, అదీ ఒక తెలుగు వ్యాకరణ పుస్తకానికి రాసిన ముందుమాటలో. కానీ మనం సంస్కృతం నుంచి మాటలు బళ్లకొద్దీ తెచ్చుకున్నాం. అవే ఇప్పుడు నీకు తాళంచెవులు.

ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. అనామకుడు. పేరు లేనివాడు. 'అ' అంటే లేకపోవడం, లోపల 'నామ'. గ్రీకులో లేకపోవడానికి 'అన్', పేరుకి 'ఒనొమ'. కలిపితే అనానిమస్. అనామకుడు, అనానిమస్, రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. లాటిన్‌లో పేరుకి 'నోమెన్'. అక్కణ్ణుంచి నామినల్, పేరుకి మాత్రమే ఉన్నది. మనం కూడా 'పేరుకే ప్రెసిడెంటు' అంటాం కదా, అచ్చం అదే. ఇగ్నొమినీ అంటే పేరు పోవడం, పరువు పోవడం. ఇక మృతానికి చుట్టం మోర్టల్, దాని ముందు 'లేదు' చేరిస్తే ఇమ్మోర్టల్, మన అమృతం. గ్రీకు దేవతల ఆహారం అంబ్రోసియా కూడా అమృతానికి జ్ఞాతే. ఇన్ని చుట్టాలని పెట్టుకుని మా వల్ల అవుతుందా అంటావేం?

అయితే చుట్టరికం చూసి మోసపోయిన కథ నాది ఒకటి వినాలి. ఉద్యోగంలో చేరిన కొత్త. కాలేజీ పేరెందుకులే. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ మీటింగ్‌లో గంటసేపు మాట్లాడారు. వందన సమర్పణ నాకు అప్పగించారు. రాత్రంతా కూర్చుని బరువైన మాటలు ఏరుకున్నాను. ఎనర్జీ లాగే ఉంది, ఉత్సాహం నింపడమే అయి ఉంటుందని డిక్షనరీ చూడకుండా 'యువర్ ఎనర్వేటింగ్ స్పీచ్, సర్' అన్నాను. ప్రిన్సిపాల్ గారు తల పంకించి మురిసిపోయారు. వెనక వరసలో మా ఇంగ్లీషు హెడ్ గారు కండువా నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయారు. ఎనర్వేట్ అంటే నరాల్లో సత్తువ లాగేయడం, నీరసం తెప్పించడం. ఆ ప్రసంగానికి ఆ మాటే సరిపోయిందని హెడ్ గారు తర్వాత నాకు రెండు నెలలు చెబుతూనే ఉన్నారు.

అలాంటి దొంగలు ఇంకా ఉన్నారు. నాయిసమ్‌లో నాయిస్ లేదు, అది అన్నాయ్‌కి దగ్గర, దుర్గంధం కొట్టే దానికి వాడతారు. రెస్టివ్‌కి విశ్రాంతి లేదు సరికదా, కుదురుగా ఉండనివాడు. మెరిట్రిషస్‌లో మెరిట్ ఉందనుకుంటే పరువు పోతుంది, పైపై మెరుగే తప్ప లోపల సరుకు లేనిదని అర్థం. రూట్‌తో ఊహించు, ఆ పైన డిక్షనరీలో సరిచూసుకో, ఆ తర్వాతే నోటితో అను. నేను మధ్య మెట్టు ఎగ్గొట్టాను.

ప్రశ్న: 'ప్రీపోన్' అన్నందుకు మా అమెరికా మేనేజర్ నవ్వాడు. అది తప్పు మాటా? – హైదరాబాద్

జవాబు: తప్పు కాదు. పోస్ట్‌పోన్ ఉన్నప్పుడు ప్రీపోన్ ఉంటే ఎవరికి నష్టం? మనవాళ్ల మాటగా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా ఎక్కింది. కాకపోతే మీ మేనేజర్‌కి అర్థం కావాలి కదా, ఆయన దగ్గర 'మూవ్ అప్' అనండి. మార్చుకోవాల్సింది వేరే ఉంది. లీవ్ లెటర్‌లో 'మై గ్రాండ్‌మదర్ ఎక్స్‌పైర్డ్' అని రాయకండి. బయటివాళ్లకి అది మందుల డబ్బా మీది తేదీలా వినిపిస్తుంది.

ప్రశ్న: మనమే వాళ్ల మాటలు నేర్చుకోవాలా? వాళ్లు మన తెలుగు మాట ఒక్కటైనా తీసుకున్నారా? – బాపట్ల

జవాబు: తీసుకున్నారు. పందికొక్కు. ఇంగ్లీషులో బ్యాండికూట్. ఆ తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి, పొట్టకి సంచీ ఉన్న ఏదో జంతువుని చూసి పోలిక కుదిరిందని దానికీ అదే పేరు అంటగట్టారు. రెంటికీ ఏ సంబంధమూ లేదు. గర్వపడటానికి ఇంతకన్నా మంచి మాట ఇవ్వలేకపోయాం, ఏం చేస్తాం.

ప్రశ్న: అమ్మా, నేను డల్లాస్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. మనవడికి పదకొండేళ్లు, స్పెల్లింగ్ బీకి తయారవుతున్నాడు. గంటలకొద్దీ అక్షరాలు వల్లిస్తాడు, అర్థం అడిగితే తెలియదంటాడు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. వాడికి నేనేమైనా సాయం చేయగలనా? – ఒక అమ్మమ్మ

జవాబు: వదిన గారూ, చేయగలరు, మీరే చేయగలరు. అర్థం తెలియకుండా వల్లించే రోజులు ఆ పోటీలో కూడా పోయాయి. 2021 నుంచి స్టేజి మీదే మాటలకి అర్థాలు కూడా అడుగుతున్నారు. మీరు చేయాల్సిందల్లా, రోజూ రాత్రి అన్నం దగ్గర వాణ్ని ఐదు మాటలు అడిగి, 'నాకు ఇంగ్లీషు రాదురా, తెలుగులో చెప్పు' అనడం. మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పాలంటే ముందు వాడికి అర్థం కావాలి. మీరు మొహమాటానికి తల ఊపకండి. అర్థం కాకపోతే కాలేదనే చెప్పండి, వాడు మళ్లీ ఇంకోలా చెబుతాడు.

1999లో ఆ పోటీ గెలిపించిన మాట లాగరీయా. డయేరియాలో ఉన్న 'రీయా'యే ఇది, ప్రవాహం అని అర్థం. ముందున్న 'లాగ్' అంటే మాట. ఆగకుండా వాగడం. ఇది వాడికి చెప్పండి, పిల్లలకి ఇలాంటివి మా చెడ్డ ఇష్టం. మన వాగుడుకాయ, వసపిట్ట కూడా పక్కన నేర్పండి.

2021లో జైలా అవాంగార్డ్ అనే అమ్మాయి గెలిచిన మాట ముర్రాయా. ఇందులో ముర్రే అనే మనిషి పేరు ఉందా అని ఆ అమ్మాయి స్టేజి మీదే జడ్జీలని అడిగింది. ఉంది. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన స్వీడన్ పండితుడు లిన్నేయస్, ఆయన శిష్యుడు జోహాన్ ముర్రే పేరు మీద పెట్టిన ఒక చెట్ల జాతి అది. ఆ జాతిలో మన పెరటి చెట్టు ఒకటుంది, కరివేపాకు. దాని శాస్త్రీయ నామం ముర్రాయా కోనిగీ అని పుస్తకాల్లో చాలాకాలంగా ఉంది. ఆ కోనిగ్ కూడా ఒక మనిషే. లిన్నేయస్ దగ్గరే చదువుకుని, మన దేశం వచ్చి మొక్కలు సేకరిస్తూ తిరిగి, 1785లో ఇక్కడే, మా కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. సామర్లకోటలో ఉండే రాక్స్‌బర్గ్ అనే డాక్టరు వచ్చి చివరి రోజుల్లో చూసుకున్నాడట.

మీ అమ్మాయి పెరట్లో కుండీలో కరివేపాకు మొక్క ఉండే ఉంటుంది, డల్లాస్‌లో తెలుగువాళ్ల ఇంట్లో అది లేకుండా ఉండదు. చలికాలం దాన్ని ఇంట్లోకి మోసుకొచ్చే పని కూడా వాడిదే అయి ఉంటుంది. రేపు పోపు వేసేటప్పుడు రెండు రెబ్బలు కోసుకురమ్మని వాణ్నే పంపండి. తెచ్చాక పేరు అడగండి. స్పెల్లింగ్ వద్దు.